కాఫీ డబ్బా రేకు

హిల్యా ఆ ఇంటికి కోడలిగా వచ్చిన వారానికే అత్తగారు ఇంటిని రెండు ముక్కలు చేసి చూపించింది. వంటిల్లు నీది, షెడ్డు వాడిది, ఒకరి దాంట్లో ఒకరు వేలు పెట్టుకోకండి, హాయిగా ఉంటారు అంది. ఆ ప్రకారమే ఆర్వో వంటింట్లో చెంచా ముట్టుకోడు, హిల్యా షెడ్డులో స్క్రూడ్రైవర్ ముట్టుకోదు. నలభై ఏళ్ళు దాటినా ఆ ఒప్పందం చెక్కుచెదరలేదు. ఆ ఇల్లున్న సరస్సు ఒడ్డున మొగుడికీ పెళ్ళానికీ మాటామాటా పెరిగే ఇళ్ళు చాలానే ఉన్నాయి. వీళ్ళింట్లో మాట పుట్టేదే కాదు, ఇక పెరగడం ఎక్కడిది!

ఆర్వో మంచివాడు. రౌతా బే ఊళ్ళో ఎవరినడిగినా అదే చెబుతారు. తాగి తందనాలాడడు, చెయ్యెత్తడు, పక్కిళ్ళ ముందు పడ్డ మంచు కూడా తన ట్రాక్టరుతో తోసిపెడతాడు. మంచివాళ్ళతో కాపురంలో ఉన్న చిక్కే అది. ఊపిరాడటం లేదని ఎవరితోనైనా చెప్పుకుంటే, "ఆర్వోతోనా?" అని నవ్వుతారు.

హిల్యా పుట్టింది కొండకి అవతలి వైపు. వాళ్ళ నాన్న రాగి గనిలో పనిచేసి, గని మూతపడ్డాక అడవిలో చెట్లు కొట్టాడు. పెళ్ళయిన ఏడాదే ఆమె ఊరి బడి వంటింట్లో చేరింది. సొంత పిల్లలు కలగలేదు గానీ ఆ చుట్టుపక్కల పిల్లలందరిదీ ఆమె చేతి తిండే. యాలకుల రొట్టె కాల్చిన రోజున బడి ఎగ్గొట్టే వెధవలు కూడా వేళకి వచ్చి కూర్చునేవారు. రానురాను ఊళ్ళో పిల్లలు తగ్గిపోయారు, బడి మూసేశారు. ఆఖరి రోజున ఆఫీసు గదిలో మూల పడున్న పాత లాప్‌టాప్ ఒకటి తెచ్చి హెడ్‌మిస్ట్రెస్ ఆమె చేతిలో పెట్టి, "తీసుకుపో హిల్యా, పారేసే బదులు" అంది. అన్నేళ్ళ చాకిరీకి దక్కిన సన్మానం అదీ.

ఇంటికొచ్చి చూసుకుంటే వండి పెట్టడానికి ఒక్క మనిషే మిగిలాడు. అతనూ ఉప్పు సరిపోయిందో లేదో చెప్పకుండా తినేసి లేచిపోయే రకం.

వంటింటి కిటికీలోంచి పెద్ద సరస్సు కనిపిస్తుంది. మంచు విడిచిన దగ్గర నుంచి మళ్ళీ గడ్డకట్టే దాకా ఇనుప ఖనిజం మోసే ఓడలు ఆ కిటికీలో ఈ చివర నుంచి ఆ చివరికి పోతూ ఉంటాయి. హిల్యా గిన్నెలు తోముతూ వాటిని పేరుపేరునా గుర్తుపట్టేది. వాటి మీద పొయ్యి ఉంటుందనీ, ఆ పొయ్యి దగ్గర ఎవరో ఒకరు నిలబడాలనీ చిన్నాన్న కూతురు ఎల్మా చెప్పేదాకా ఆమెకి తట్టలేదు. ఎల్మా విడాకులయ్యాక ఓడెక్కి, గిన్నెలు కడగడంతో మొదలెట్టి ఇప్పుడు పెద్ద వంటమనిషి అయింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

చెట్ల ఆకులు ఎర్రబడ్డ రోజుల్లో ఎల్మా ఫోన్ చేసింది.

"ఏమే, మా ఓడలో రెండో వంటమనిషి మానేస్తోంది. కెప్టెన్‌కి నీ పేరు చెప్పేశా. మార్చిలో కదుల్తాం, సంచీ సర్దుకో."

"నాకా? అరవై దాటాయే నాకు!"

"ఓడకి డెబ్భై దాటాయి. తేలట్లా? ఓడ నిండా మగాళ్ళు, తిన్నాక ఒక్కొక్కడూ వచ్చి బాగుందని చెప్పి పోతాడు. నీకు అలవాటు లేదు కదా, మొదట్లో కాస్త బెదురుగా ఉంటుంది, సర్దుకుంటావులే."

హిల్యా నవ్వింది. పెళ్ళయ్యాక, ఆసుపత్రిలో పడుకున్న రెండు రాత్రులు తప్ప ఆమె ఆ ఒడ్డు విడిచి ఇంకెక్కడా నిద్రపోలేదు. వెళ్ళాలని ఉంది. అంత గట్టిగా ఏదైనా కావాలనిపించి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

డాక్టరు పరీక్ష ఇట్టే అయిపోయింది. ఇక మిగిలిందల్లా ఓడ కంపెనీ వాళ్ళు కంప్యూటర్లో పెట్టిన పాఠాలు చదవడం, చివర్లో ఒక పరీక్ష రాసి గట్టెక్కడం. భోజనాల దగ్గర ఆర్వోకి ఆ సంగతి చెప్పింది. అతను బంగాళాదుంప ముక్క నమిలి, మింగి, "ఊఁ" అన్నాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఇతను ఊఁ కూడా అన్నాడు కదా అని ఆమె పొంగిపోయింది. అంత కాపురం చేసి కూడా ఆ ఊఁకి అర్థం తెలియలేదంటే తప్పు ఆమెదనాలో ఊఁదనాలో!

చదువుకునేందుకు ఆమెకి దొరికిన చోటు ఒక్కటే. వంటింటి బల్ల దగ్గర ఆర్వో రేడియోలో హాకీ ఆట మోగుతూ ఉంటుంది. మేడగదులు చలికాలం తలుపులు బిగించేస్తారు. ఇంటి వెనక నాలుగడుగుల్లో సానా ఉంది, ఆవిరి స్నానాల చెక్క గది. దాని ముందు బట్టలు విడిచే చిన్న గది, అందులో ఒక బెంచీ, గోడకి కొక్కేలు, తలుపుకి లోపలి గడియ. ఆ ఇంటి మొత్తానికి గడియ ఉన్న గది అదొక్కటే. బడి మూసేసిన ఏడాదే అక్కడ చిన్న బల్ల వేసి, కరెంటు తీగ లాగి, లాప్‌టాప్ పెట్టిచ్చింది ఆర్వోనే. "ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచు. పీకడం పెట్టడం చేస్తే పాడవుద్ది" అన్నాడు.

పాఠాలు మొదలెట్టిన కొద్ది వారాలకే లాప్‌టాప్‌కి దయ్యం పట్టింది. వేలితో రాసే నున్నటి పలక ఉంటుంది చూడండి, టచ్‌ప్యాడ్ అంటారు, దాని మీద వేలు ఎడమకి జరిపితే తెర మీద బాణం కుడికి ఉరికేది. వేలు తీసేసినా తనంతట తానే నొక్కుకునేది. చదువుతున్న పాఠం మాయమైపోయి ఇంకేదో తెరుచుకునేది.

"తేమ పట్టుంటుంది" అన్నాడు ఆర్వో.

తేమకి ఆ ఒడ్డున మందు ఒక్కటే. సానాకి లొంగని జబ్బు కాటికే పోతుందని అక్కడి ముసలివాళ్ళ మాట. నడుం నొప్పికీ జలుబుకీ పెళ్ళాం అలకకీ కూడా దాన్నే నమ్ముకున్న జనం. శనివారం ఇద్దరి స్నానాలూ అయ్యాక, పొయ్యి చల్లారుతూ ఉండగా, ఆర్వో లాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టి లోపలికి తీసుకెళ్ళి కింది బెంచీ మీద పడుకోబెట్టాడు. విచిత్రం ఏమిటంటే ఆదివారం అది బుద్ధిగా పనిచేసింది. సోమవారం మళ్ళీ మొదటికొచ్చింది. ఇక ప్రతి శనివారం మనుషులతో పాటు దానికీ ఒక స్నానం. నానాటికీ తీసికట్టు నాగంభొట్లు అన్నట్టు అది వారం వారం ఇంకా చెడింది.

నవంబర్లో జింకల వేట మొదలయ్యే ముందు ఆర్వో ఒక మధ్యాహ్నమంతా దాన్ని షెడ్డులో పెట్టుకుని, తెచ్చి ఇచ్చాడు. "బిగించా. ఇక చూడు." కొన్నాళ్ళు చూసింది. తర్వాత పలక గట్టిపడి అసలు కదలనంది, ఆపైన మూత కూడా సరిగ్గా పడటం మానేసింది.

"ఆర్వో, కొత్తది కొందామా?"

"దీనికేమైంది? వచ్చే వారం విప్పుతా. అవుతుంది."

అవుతుంది అన్నది ఆర్వోకి ఊతపదం. క్రిస్మస్ ముందు విప్పిన ట్రక్కు ఇంజను కూడా అవుతుంది అనే షెడ్డులో ముక్కలై కూర్చుంది. ట్రక్కు లేకపోతే పట్నంలో లైబ్రరీకి వెళ్ళే దారి లేదు. పక్కింటావిడ కారు ఆదివారం చర్చికి పోతుంది, ఆదివారం లైబ్రరీ ఉండదు. ఎల్మా పోస్టులో ఒక మౌస్ పంపింది. కింద పలక తనంతట తాను నొక్కుకుపోయి ఉంటే పైన మౌస్ మాత్రం ఏం చేస్తుంది? చదివిన పాఠమే నాలుగుసార్లు చదువుతూ, బాణం నిలిచిన నిమిషంలో ముందుకు తోసుకుంటూ, నత్తనడకన ఆమె చివరి పాఠం దాకా వచ్చింది.

ఆ చలికాలం మంచు కింది కిటికీలు దాటి పెరిగింది. ఆర్వో తోసిన మంచు దారికి రెండు పక్కలా గోడలు కట్టినట్టు నిలబడింది. ఆ దారి వంటింటి గుమ్మం నుంచి సానాకి, అక్కడి నుంచి షెడ్డుకి, షెడ్డు నుంచి మళ్ళీ వంటింటికి పోతుంది. ఇంకెక్కడికీ పోదు. హిల్యా రోజూ ఆ దారిలో నడుస్తూ, తల ఎత్తితే ఆకాశం తప్ప ఏమీ కనపడక, ఒక్కోసారి గుండె దడ పుట్టి నిలబడిపోయేది. ఈ మంచులో ఇంతకు ముందూ నడిచింది. అప్పుడు భయం వేయలేదు. బయటికి పోయే దారి ఒకటుందని తెలిశాకే ఉన్నచోటు ఇరుకైంది.

మార్చి వచ్చింది. కంపెనీ గడువు శనివారం సాయంత్రం ఆరింటితో ముగుస్తుంది. పరీక్ష రెండుసార్లే రాయనిస్తారు, రెండూ పోతే ఆ చోటు ఇంకొకరికి. శనివారం పొద్దున్నే ఆర్వో ట్రాక్టరు తీసుకుని పక్కిళ్ళ మంచు తోయడానికి వెళ్ళాడు. హిల్యా గడియ పెట్టుకుని పరీక్షకి కూర్చుంది. అన్నీ తెలిసిన ప్రశ్నలే. సగం దాకా బాగానే నడిచింది. ఉన్నట్టుండి బాణం తెర అడుక్కి ఉరికి, అక్కడున్న ‘ముగించు’ అన్నదాన్ని పట్టుకుని నొక్కేసింది. ఆమె వేలు గాల్లోనే ఉంది.

తప్పారు అని తెర మీద పడింది.

హిల్యా ఎల్మాకి ఫోన్ చేసింది. ఏడుస్తూనే జరిగింది చెప్పింది.

"ఏడవకే, తర్వాత ఏడుద్దువుగాని. అది బల్ల మీద సమంగా కూర్చుంటోందా?" అంది ఎల్మా.

"లేదు. మూల నొక్కితే బొంగరంలా తిరుగుతోంది."

"చచ్చాం పో. బ్యాటరీ ఉబ్బిందే! మా ఇంజను రూము కుర్రాడిది ఇలాగే అయింది. లోపల బ్యాటరీ పొంగి పలకని కింద నుంచి తన్నుతుంది. ఎక్కడ పెట్టావు దాన్ని? పొయ్యి దగ్గరా?"

హిల్యా సానా సంగతి చెప్పింది.

"స్నానం చేయించారా?" అంది ఎల్మా. "వీపు కూడా రుద్దారా? ఓరి దేవుడా! ఇన్నాళ్ళు పేలకుండా ఎలా ఉందే అది? విను, ప్లగ్గు తీసేసి, వెనక మూత విప్పు, దాన్ని పీకి బయట మంచులో పెట్టు. పొడవకు, ఒత్తకు, వంచకు. బ్యాటరీ లేకపోయినా ప్లగ్గు మీద నడుస్తుంది."

"ఆర్వో రానీ, విప్పమని చెబుతా."

"ఆర్వోనా!" అంది ఎల్మా. "చెప్పి చెప్పి నాలుగు నెలలైంది కదే. ఇంకా ఆర్వో ఏంటి?"

హిల్యా షెడ్డు తలుపు తీసింది. ముక్కలైన ఇంజను మీద గోనెపట్టా కప్పి ఉంది. గోడ నిండా పనిముట్లు, ఒక్కోదాని చుట్టూ పెన్సిల్‌తో గీసిన గీత, ఏది తీసినా ఖాళీ కనపడేట్టు. దొంగతనానికి వచ్చినట్టు అటూ ఇటూ చూసింది. అన్నిటికంటే చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుంది. గోడ మీద మిగిలిన ఆ పెన్సిల్ గీత వంక చూడకుండా బయటికొచ్చేసింది.

స్క్రూలు బలంగా బిగించి ఉన్నాయి. మొదటిది వదులవడంతోనే వెనక మూత దానంతట అదే పైకి లేచింది, ఎప్పటి నుంచో కాచుకున్నట్టు. ఆఖరిది తీసి, మూత ఎత్తి చూసింది.

పలక ఉండే చోటికి సరిగ్గా వెనక ఒక రేకు ముక్క కనిపించింది. ఒక పక్క ఇంకా ఎర్ర రంగు ఉంది. మూలలు గుండ్రంగా కత్తిరించి, అంచులు గీసుకోకుండా సుత్తితో మడిచి కొట్టి ఉన్నాయి. అది వాళ్ళ కాఫీ డబ్బా రేకు. ఆ ఇంట్లో సగం వస్తువులకి అదే మాసిక. బకెట్టు అడుగుకీ పొగగొట్టానికీ పిట్టల గూడుకీ ఆమె కేకు పళ్ళెం పిడికీ అన్నిటికీ అవే గుండ్రటి మూలలు, అవే మడిచిన అంచులు. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రేకు కింద బ్యాటరీ, పులిసి పొంగిన రొట్టెపిండిలా ఉబ్బి ఉంది. దాని మీద రేకు అంచు పడిన చోట గాడి. అంటే అతను విప్పాడు. చూశాడు. చూసి, పైన రేకు పెట్టి, స్క్రూలన్నీ బిగించి, ఇక చూడు అని ఆమె చేతికిచ్చాడు.

హిల్యాకి మొదట ఏమీ అనిపించలేదు. చేతులు వాటి పని అవి చేశాయి. తీగ ఊడదీసి, బ్యాటరీని మెల్లగా పైకి తీసి, మంచు ఎత్తే పార మీద పెట్టుకుని, అట్లకాడ మీద అట్టుని మోసినట్టు మోసుకెళ్ళి దూరంగా మంచులో దింపింది. తిరిగి వస్తుంటే కోపం వచ్చింది. ఎంత కోపం అంటే దారి పక్క మంచుగోడని పారతో ఒక్క పోటు పొడిచింది. గోడకేం అవుతుంది?

మూత పెట్టి, ప్లగ్గు పెట్టి చూసింది. వేలు ఎడమకి జరిపితే బాణం ఎడమకి పోయింది. ఆపితే ఆగింది. నెలల తరబడి పోట్లాడిన వస్తువు అంత చప్పుడు లేకుండా మాట వినేసరికి ఆమె నమ్మలేక ఇంకోసారి జరిపి చూసింది. అంతలో మోచెయ్యి బల్లకి తగిలింది, తెర నల్లగా అయిపోయింది.

చార్జరు పిన్ను గుచ్చే చోటు వదులు. ఎప్పటి నుంచో వదులే, బ్యాటరీ ఉన్నన్నాళ్ళూ తెలియలేదు. పిన్ను ఒక వంపులో పట్టుకుంటేనే కరెంటు అందుతోంది, వెంట్రుకవాసి కదిలినా ఆరిపోతోంది. చెక్కముక్క పెట్టింది. బట్టల క్లిప్పు పెట్టింది. బూటు ఆనించింది. చెక్క నేల మీద అడుగు పడితే చాలు, తెర చీకటి. పరీక్ష మధ్యలో ఆరిందంటే ఆ రెండోసారి కూడా పోయినట్టే.

మూడు దాటుతుండగా ఆర్వో తలుపు తట్టాడు. శనివారం, సానా పొయ్యి రాజేసే వేళ. గడియ తీసేసరికి చేతుల నిండా భూర్జ చెట్టు కట్టెలతో నిలబడి ఉన్నాడు. బల్ల మీద విప్పిన స్క్రూలు చూశాడు. స్క్రూడ్రైవర్ చూశాడు. అప్పుడు రేకు ముక్క చూశాడు. కట్టెలు కింద పెట్టడం మరిచిపోయాడు.

"ఇది నీ చెయ్యేనా?" అంది హిల్యా.

"నా చెయ్యే."

"ఎప్పుడు?"

"జింకల వేటకి ముందు."

"అప్పటికే ఉబ్బిందా?"

"కొంచెం."

"కొంచెమని రేకేసి బిగించావా? ఇల్లు తగలబడి ఉండేది!"

"రేకు మందపాటిదే పెట్టాగా" అన్నాడు ఆర్వో.

ఆమెకి నవ్వు వచ్చినంత పనైంది, ఆ నవ్వు ఏడుపులోకి తిరగబోతే పళ్ళు బిగబట్టింది.

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"అడగలేదా! అయిందా అని ప్రతి వారం అడిగాను ఆర్వో. గుమ్మంలో నిలబెట్టి అడిగాను. అవుతుంది, అవుతుంది అన్నావు."

ఆర్వో కట్టెల వంక చూస్తూ నిలబడ్డాడు. అతని మీసం మీద మంచు కరిగి చుక్కలుగా కారుతోంది.

"కొత్త బ్యాటరీ వేస్తే నువ్వు వెళ్ళిపోతావు."

"వెయ్యకపోతే ఉంటాననుకున్నావా?"

"ఉన్నావుగా" అన్నాడు. "ఇన్నాళ్ళూ."

ఆ మాటలో ఎకసెక్కెం లేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. అందుకే అది ఆమెకి గుచ్చుకుంది. ట్రక్కు వంక, మంచుగోడల వంక, ఆ గుండ్రటి మూలల రేకు వంక ఒక్కసారే చూసినట్టైంది. ఎక్కడా తాళం లేదు, ఎవరూ కేకలేయలేదు, అయినా ఎంత బాగా బిగించాడు! జాలి వేసింది. జాలి వేసినందుకు అంతకంటే కోపం వచ్చింది.

"ట్రక్కు కూడా ఇంతేనా?"

అతను జవాబు చెప్పలేదు. ఈసారి ఆ మౌనానికి అర్థం వెతుక్కోవాల్సిన పని ఆమెకి పడలేదు.

ఆర్వో కట్టెలు దింపి, బల్ల దగ్గరికి వచ్చి, వంగి పిన్ను చూశాడు. వస్తువు కనపడేసరికి అతని మొహం తేటపడింది. "ఇది లోపల ఊడింది. అతకాలి. షెడ్డుకి తీసుకెళ్తా, రేపు మధ్యాహ్నానికల్లా..."

"ముట్టుకోకు!" అంది హిల్యా. ఆ గొంతు బడి వంటింటిది. దానికి అల్లరి పిల్లల బల్లలన్నీ ఒక్కసారి నిశ్శబ్దమైపోయేవి. ఆర్వో ఎన్నడూ వినలేదు దాన్ని. "నువ్వేమీ బాగుచెయ్యొద్దు. అక్కడ కూర్చో. దాన్ని ఇట్టా వంచి పట్టుకో. కదలకు."

"ఎంతసేపు?"

"నా పరీక్ష అయ్యేదాకా."

"సానా రాజెయ్యాలి."

"ఈ శనివారం లేదు."

ఆ ఇంట్లో శనివారం సానా రాజుకోకపోవడం అంతకు ముందు ఒక్కసారే జరిగింది, అత్తగారు పోయిన రోజున. ఆర్వో చెడిపోయిన మోకాలు మీద చెయ్యేసుకుని నేల మీద కూలబడి, బల్ల అంచు పక్కన మొహం పెట్టి, పిన్ను వంచి పట్టుకున్నాడు. గొడ్డలి పట్టి గట్టిపడిన లావాటి వేళ్ళు. తెర వెలిగింది.

హిల్యా మొదలెట్టింది. పెదాలు కదుపుతూ చదవడం ఆమెకి అలవాటు, అది మెల్లగా పైకే వినపడుతోంది. ఓడ ఒరిగినప్పుడు పొయ్యి మీద గిన్నెలు ఏం చెయ్యాలి? పడవలోకి దిగమని గంట కొడితే ముందు ఏది తొడుక్కోవాలి? ఆమె చదువుతోంది, నొక్కుతోంది, బాణం చెప్పినచోట నిలబడుతోంది. పక్కన ఊపిరి వినపడుతోంది. ఆమెకి అన్ని నెలలు పట్టిన పనిని అతను చెడగొట్టాలంటే వేళ్ళు కాస్త సడలిస్తే చాలు. చెయ్యి తిమ్మిరెక్కింది అంటే ఎవరూ తప్పు పట్టలేరు కూడా. ఊరంతా పాపం అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

"మూకుట్లో నూనె అంటుకుంటే ముందు ఏం చెయ్యాలి?" అని చదివింది హిల్యా.

"మూత పెట్టాలి" అన్నాడు ఆర్వో కింద నుంచి.

"నువ్వు మాట్లాడకు."

కానీ జవాబు అదే. ఆమె దాన్నే నొక్కింది.

మధ్యలో ఒకసారి తెర మినుకుమంది. హిల్యా అతని వంక చూడకూడదనుకుంటూనే చూసింది. దగ్గు వచ్చి ఆపుకుంటున్నాడు. మొహం కందగడ్డైంది, మెడ నరాలు తేలాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భుజాలు అదురుతున్నాయి గానీ మణికట్టు కిందకి మాత్రం రాయిలా ఉంది. వెలుగు మళ్ళీ నిలబడింది. ఆమె తల తిప్పుకుని తర్వాతి ప్రశ్న చదివింది.

ఆఖరి ప్రశ్న అయ్యాక బాణాన్ని తెర అడుక్కి తనే తీసుకెళ్ళింది. పొద్దున అది తనంతట తాను నొక్కేసిన చోటే, ఇప్పుడు ఆమె నొక్కింది. చిన్న చక్రం ఒకటి తిరిగింది. ఉత్తీర్ణులయ్యారు అని వచ్చింది. కింద ఓడ పేరు, ఎక్కాల్సిన రేవు, రోజు. ఇంకా పది రోజుల్లో.

ఎగిరి గంతేస్తాననుకుంది. కూర్చున్నచోటే కూర్చుని, "అయింది" అంది.

ఆర్వో పిన్ను విడవలేదు. ఆ చెక్క గదిలో వేడి లేదు, ఇద్దరి ఊపిరీ పొగలా కనపడుతోంది. లోపల రాజుకోని పొయ్యి, బయట మంచు. ఆమె వెళ్ళే దారి తెర మీద వెలుగుతోంది. అతనికి మిగిలిన దారి మాత్రం వంటింటి నుంచి సానాకి, సానా నుంచి షెడ్డుకి, మళ్ళీ వంటింటికి.

ఆర్వో గొంతు సవరించుకున్నాడు. ఇంతసేపూ ఆపుకున్న దగ్గు దగ్గాడు. తర్వాత నేల వంక చూస్తూ అడిగాడు.

"కాఫీ పొడి... ఎన్ని చెంచాలు వేస్తావు నువ్వు?"

ఆ ప్రశ్న నలభై ఏళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. హిల్యా జవాబు చెప్పబోయి ఆగింది. చేతికి తెలిసిన లెక్క నోటికి తెచ్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"ఆరు" అంది. "ఆరు ఇద్దరికి."

అతను తల ఊపాడు.

"నువ్వొక్కడివే అయితే," అంది హిల్యా, "మూడు."